అడ్డం ఆయనవి, నిలువు నావి: సాగర్‌లో నాలుగు రోజులు

మొదటి రోజు, గురువారం

హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో నాగార్జునసాగర్ బస్సు కదిలేసరికి ఏడున్నర అయింది. కిటికీ పక్క సీటు దొరికింది, బ్యాగు పక్క సీట్లో పెట్టుకున్నాను, ఇబ్రహీంపట్నం దాకా దాన్ని తియ్యమని ఎవరూ అడగలేదు. ఇది నిజానికి ఇద్దరం వెళ్లాల్సిన ప్రయాణం. మూడేళ్లలో మూడుసార్లు అనుకున్నాం, మూడుసార్లూ వాయిదా వేసింది నేనే. ఒకసారి ఆఫీసులో ఆడిట్, ఒకసారి మావాడికి జ్వరం, మూడోసారి కారణమేంటో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తుకు రావట్లేదు, అంటే అదెంత ముఖ్యమైన కారణమో మీరే ఊహించుకోండి. చెప్పిన ప్రతిసారీ మాస్టారు ఒకటే మాట అనేవారు: "సాగరం ఎక్కడికీ పోదులేవోయ్, ముందు నీ పని చూసుకో."

మాస్టారంటే నాకు చదువు చెప్పినాయన కాదు, చుట్టమూ కాదు. తొమ్మిదేళ్ల కిందట లైబ్రరీలో పేపర్లు పరిచే బల్ల దగ్గర పరిచయం. అప్పటికి ఆయనకి డెబ్భై ఆరు, నాకు ఇరవై తొమ్మిది. ఆదివారం పేపర్లో గళ్ళనుడికట్టు నింపుదామని పెన్ను తీస్తే అప్పటికే సగం గళ్లు నిండిపోయి ఉన్నాయి. ఎదురుగా ఒక పెద్దాయన, ఆయన చేతిలోనూ పెన్ను. "లైబ్రరీ పేపరు మీద రాయకూడదు కదండీ" అన్నాను, నేనూ అదే పని చేయబోతూ. ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని పేపరు నా వైపు తిప్పి, "అడ్డం అయిపోయాయి. నిలువు నువ్వు చెయ్యి" అన్నారు.

అదీ మొదలు. తర్వాత లైబ్రేరియన్ ఇద్దరికీ కలిపి చివాట్లు పెట్టాక, మాస్టారు వాళ్లింటి పేపరే చంకలో పెట్టుకుని వచ్చేవారు. అడ్డం ఆయనవి, నిలువు నావి. ఇందులో ఉన్న అన్యాయం నాకు ఆలస్యంగా తెలిసింది. ఆయన అడ్డంలో ఒకటి తప్పు రాస్తే నా నిలువు నాలుగైదు ఆగిపోతాయి. కొట్టెయ్యడానికి ఒప్పుకునేవారు కాదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఎక్కడైనా తేడా వస్తే ఆ గడిలో పైన ఆయన అక్షరం, కింద నా అక్షరం రాసేస్తాం, వచ్చే ఆదివారం జవాబులొచ్చాక ఓడినవాళ్లు టీ తాగించాలి. తొమ్మిదేళ్ల టీల లెక్క తీస్తే ఎక్కువ డబ్బులు ఆయనవే ఖర్చయి ఉంటాయి. తప్పని మాత్రం ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. "పేపరువాడు తప్పు వేశాడోయ్" అని టీ తాగించేవారు.

ఆగస్టులో పోయారు. నిద్రలోనే. పదకొండో రోజున వెళ్తే వాళ్లమ్మాయి ఒక పాత కళ్లజోడు పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇందులో ఏదో కాగితం దాచారు తమ్ముడూ, మీ ఇద్దరి వ్యవహారంలా ఉంది, మాకు అర్థం కాలేదు" అంది. కత్తిరించిన గళ్ళనుడికట్టు అది, నాలుగు మడతలు పెట్టి ఉంది. అడ్డం అన్నీ నింపేసి ఉన్నాయి, నిలువు ఖాళీ. పక్క మార్జిన్‌లో పెన్సిల్‌తో గీసిన ఒక చిన్న పటం. ఆ పటం నాకు తెలుసు. దాని మీద ఎన్ని పోట్లాటలయ్యాయో కూడా తెలుసు. కాగితం మళ్లీ మడిచి పెట్టెలో పెట్టేశాను, గళ్లు ముట్టుకోలేదు. నవంబర్ చివర్లో సెలవు పెట్టి బయలుదేరాను.

మాల్, మల్లేపల్లి, పెద్దవూర. దారి గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు, సగం నిద్రపోయాను. పెద్దవూర దాటాక బండరాళ్ల గుట్టలు మొదలయ్యాయి, కాసేపటికి హిల్ కాలనీలో దిగాను.

సాయంత్రం డ్యామ్ చూడటానికి వెళ్లాను. పైన నడవనివ్వరు, కాపలా గట్టిగా ఉంది, కింది వైపు వంతెన మీంచి చూడాల్సిందే. గేట్లన్నీ మూసి ఉన్నాయి, మొత్తం 26. నీళ్లు దూకుతున్నప్పుడు చూసినవాళ్లు ఇలా మూసి ఉన్నప్పుడు చూసి పెదవి విరుస్తారు గానీ, నాకు ఇదే బాగుంది, గోడ కనిపిస్తుంది. 124 మీటర్ల ఎత్తు, అంతా రాతి కట్టడం. కాంక్రీటు పోసి లేపిన గోడ కాదు, మనుషులు రాయి మీద రాయి పేర్చుకుంటూ పైకి తెచ్చింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు మాస్టారికి పదిహేనేళ్లు. చెట్టెక్కి చూశానని చెప్పేవారు. ఒక్కోసారి అది వేపచెట్టు, ఒక్కోసారి చింతచెట్టు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలినప్పుడు కూడా వచ్చాననేవారు, అప్పటికి ఎక్కడో ఊళ్లో డ్రాయింగ్ మాస్టారు, బడికి సెలవు చీటీ రాసిచ్చి వచ్చారట. ఆ రెండు తేదీల మధ్య ఆయన చేసిన పని గురించే ఈ ప్రయాణం.

డ్యామ్ కడితే వెనక లోయంతా మునిగిపోతుంది. ఆ లోయలో నాగార్జునకొండ ఉంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడే, మూడో శతాబ్దం మాట. 1926లో శిథిలాలు బయటపడ్డాక, తర్వాత కొన్నేళ్లు లాంగ్‌హర్స్ట్ అనే దొర కొంత తవ్వించాడు. నీళ్లొస్తాయని తేలిపోయాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ లోయనంతా గాలించింది. ఆ తవ్వకాల్లో పదిహేడేళ్ల కుర్రాడిగా తట్టమట్టి మొయ్యడానికి చేరారు మాస్టారు. మధ్యాహ్నం అన్నం వేళ అందరూ చెట్టు కింద పడుకుంటే ఈయన డేరాల్లో బొమ్మలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ల వెనక నిలబడి చూసేవారట. గీత గీయడం అలా పట్టుబడింది, ఆ గీతే తర్వాత అన్నం పెట్టింది.

రాత్రి లాడ్జిలో కౌంటర్ దగ్గరి కుర్రాణ్ని అడిగాను, రేపు నాగార్జునకొండ దీవికి లాంచీ ఎన్నింటికని. నా మొహం చూసి, "రేపు శుక్రవారం కద సార్, మ్యూజియం సెలవు" అన్నాడు.

శుక్రవారం ఎంచుకున్నది మాస్టారే. నాలుగేళ్ల నుంచీ చెప్తున్నారు, "శుక్రవారం వెళ్దామోయ్, జనం ఉండరు, హాయిగా చూడొచ్చు" అని. ఎందుకుంటారు మరి! గదికొచ్చి ఒక్కణ్నే చాలాసేపు నవ్వుకున్నాను.

రెండో రోజు, శుక్రవారం

దీవి లేదు కాబట్టి అనుపు. కుడిగట్టు వైపు, విజయపురి సౌత్ దాటి వెళ్లాలి. ఆటో అబ్బాయి దారిపొడుగునా ఫోన్లో ఎవరితోనో పొలం సరిహద్దు తగాదా మాట్లాడుతూనే ఉన్నాడు, నేను దిగి డబ్బులిచ్చేటప్పటికి ఆ తగాదా పూర్వాపరాలన్నీ నాకూ వచ్చేశాయి. న్యాయం వాళ్ల చిన్నాన్న వైపే ఉందని నా అభిప్రాయం. చెప్పలేదు.

లోయలో మునిగిపోబోతున్న కట్టడాల్లో కొన్నిటిని ఊడదీసి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. ఒక బౌద్ధ విహారం ఉంది, దాన్నే అందరూ విశ్వవిద్యాలయం అంటారు. హారీతి గుడి ఉంది, పిల్లల్ని కాపాడే తల్లి. వీటన్నిటికంటే ముందు కనిపించేది రంగస్థలం: మధ్యలో నలుచదరపు ఖాళీ స్థలం, చుట్టూ పైకి లేచే మెట్లు. మన దేశంలో ఇలాంటివి చాలా అరుదు. ఇక్కడ ఏం జరిగేదో, మల్లయుద్ధాలో నాటకాలో సంగీతమో, ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు. మాస్టారికి తోచింది మాత్రం ఒకటే: మధ్యలో నిలబడి రూపాయి బిళ్ల కింద పడేస్తే పై మెట్టు మీద కూర్చున్నవాడికి ఠంగుమని వినిపిస్తుంది. "నేను విన్నానోయ్" అనేవారు.

ఆ పరీక్ష చెయ్యాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. మధ్యలోకి వెళ్లి నిలబడి జేబులోంచి బిళ్ల తీశాక గానీ తట్టలేదు, పడేసేదీ నేనే అయితే పైనుంచి వినేదెవరు? ఇది ఇద్దరు చెయ్యాల్సిన పని. బిళ్ల చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయాను. ఎంతసేపో తెలీదు.

అదృష్టంకొద్దీ ఒక స్కూలు బస్సు వచ్చింది. ఏడో తరగతో ఎనిమిదో తరగతో, నలభై మంది దాకా ఉంటారు, దిగీ దిగగానే మెట్లన్నీ ఆక్రమించేశారు. వాళ్ల సార్‌కి విషయం చెప్తే ఆయనకి నాకంటే హుషారు పుట్టింది. పిల్లలందరినీ నోటి మీద వేలు పెట్టుకోమన్నాడు. ఒకబ్బాయిని మధ్యలో నిలబెట్టి బిళ్ల ఇచ్చాం. నేను పై మెట్టు ఎక్కాను. వాడు చెయ్యి పైకెత్తి వదిలాడు. బిళ్ల పడటం కనిపించింది, శబ్దం రాలేదు. అడుగున మట్టి ఉంటే ఠంగుమని ఎలా వస్తుంది? "వినిపించింది సార్!" అని నా పక్కనున్న పిల్ల అరిచింది. "నాక్కూడా!" అని ఇంకొకడు. ఒక్క నిమిషంలో నలభై మందికీ వినిపించేసింది. వాళ్లిప్పుడు ఇళ్లకెళ్లి ఇదే చెప్తారు, ముసలివాళ్లయ్యాక కూడా చెప్తారు. అప్పుడు నాకు మాస్టారి మీద ఉన్న అనుమానం కాస్తా ఖాయమైపోయింది, ఆయనా ఇలాగే విని ఉంటారు. తర్వాత ఆ సార్ చప్పట్లు కొడితే మాత్రం గోడలకి తగిలి బాగానే తిరిగొచ్చింది. ఆ మాట రాయకపోతే మాస్టారికి అన్యాయం చేసినట్టవుతుంది.

పిల్లలు వెళ్లిపోయాక ఇంకో పని పెట్టుకున్నాను. కట్టడం విప్పేముందు ప్రతి రాయికీ ఒక నంబరు వేసేవాళ్లట, కాగితం మీది బొమ్మలోనూ అదే నంబరు, ఇక్కడికి తెచ్చాక బొమ్మ చూసుకుంటూ పేర్చడమే. చేతిరాత బాగుందని ఒక నెల పాటు ఆ నంబర్లు వేసే పని మాస్టారికి అప్పజెప్పారట. ఈయన తెలుగు అంకెలు వేశారు. ౧, ౨, ౩ అని రెండు రోజుల పాటు రాశాక, అరవాయన ఒకాయన వచ్చి చూసి నెత్తి కొట్టుకుని అన్నీ తుడిపించి మళ్లీ వేయించాడట. "ఒకటి రెండు మిగిలిపోయే ఉంటాయోయ్, నేను ఊరికే తుడుస్తానా" అనేవారు. ఆ మిగిలినవాటి కోసం వెతికాను. ఎండలో గంటన్నర, రాళ్ల అంచులు, మెట్ల కింది వైపు, వంగీ లేచీ. కాపలా మనిషి రెండుసార్లు వచ్చి ఏం పోయిందని అడిగి వెళ్లాడు. ఒక రాయి మూలలో ౭ లాంటి వంపు ఒకటి కనిపించింది. ఉలి దెబ్బ కావచ్చు. అరవయ్యేళ్ల వానల్లో రంగెక్కడ నిలుస్తుంది? ఫోటో మాత్రం తీసుకున్నాను. ఇప్పుడు చూస్తే ఏడులా కూడా లేదు, రాయిలా ఉంది.

సాయంత్రం ఎత్తిపోతల. చంద్రవంక ఇరవై మీటర్ల పైనుంచి దూకుతుంది, పక్కన మొసళ్ల కేంద్రం. బాగుంది. మాస్టారికి జలపాతాల మీద ఆసక్తి ఉండేది కాదు, నీళ్లు పైనుంచి కిందకి పడతాయి, అందులో వింతేముంది అనేవారు. అందుకే కాబోలు నేనూ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

మూడో రోజు, శనివారం

లాంచీ స్టేషన్‌కి తొమ్మిదికల్లా వెళ్లాను. తగినంతమంది పోగయ్యేదాకా కదలదు. రెండు కుటుంబాలు, కొత్తగా పెళ్లైన జంట, రిటైరైన బ్యాంకువాళ్ల బృందం ఒకటి. ఆ బృందం పుణ్యమా అని పదకొండు లోపే బయలుదేరాం. లైఫ్ జాకెట్లు ఇచ్చారు. పైడెక్ మీద ప్లాస్టిక్ కుర్చీలు. అరగంటలో చేరతామని మాస్టారు చెప్పేవారు, గంటకి దగ్గర పట్టింది.

దీవి అంటాం గానీ అది దీవి కాదు, కొండ నెత్తి. మిగతా కొండంతా నీళ్ల కింద ఉంది. పైన మధ్యయుగాల నాటి కోటగోడలు ఇంకా ఉన్నాయి. లోయలో పని చేసినప్పుడు ఆదివారాలు సరదాకి ఆ కొండెక్కేవాళ్లమని, పైకి చేరేసరికి ప్రాణాలు కళ్లలోకి వచ్చేవని మాస్టారు చెప్పేవారు. నేను లాంచీ దిగి పది నిమిషాలు నడిచి పైకి చేరిపోయాను. దిగేముందు రెయిలింగ్ పట్టుకుని కిందకి చూశాను. పచ్చటి నీళ్లు, ఒకచోట డీజిల్ తెట్టు. కింద ముప్ఫై దాకా బౌద్ధ ఆరామాలుండేవి, అష్టభుజస్వామి గుడి, పుష్పభద్రస్వామి గుడి, వీధులు, ఊళ్లు, ఒక కుర్రాడు అన్నం తిన్న చెట్టు. బ్యాంకు బృందంలో ఒకావిడ "ఎంత లోతుంటుందంటారు?" అని అడిగింది. తెలీదన్నాను.

వెనక్కి తీసుకెళ్లడానికి గంటన్నర టైమిచ్చారు. గంటన్నరలో ఏం చూస్తాం! అందుకని పైపైన చూడాల్సినవి ముందు చూసేశాను. మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, పునాది బండి చక్రంలా ఉంటుంది, ఆకులూ ఇరుసూ అన్నీ ఇటుకతోనే, అడ్డంగా 106 అడుగులు. ఇక్ష్వాకుల శాంతమూల మహారాజు తోబుట్టువు శాంతిశ్రీ కట్టించింది. లాంగ్‌హర్స్ట్ తవ్వినప్పుడు ఇందులో చిన్న బంగారు భరిణ దొరికింది, లోపల ధాతువు, అంటే ఎముక ముక్క. సింహళ విహారం అటు పక్క. శాసనాల్లో దాతల పేర్లు చూస్తే ఎక్కువ ఆడవాళ్లవే, రాజులు యాగాలు చేసుకుంటుంటే రాణులు స్తూపాలు కట్టించారు. స్నానఘట్టం కూడా ఇక్కడికి తెచ్చి అమర్చారు, నున్నటి పలకరాళ్ల మెట్లు. ఆ రాళ్ల మీద అప్పటివాళ్లు ఆడుకోవడానికి చెక్కుకున్న గళ్లుంటాయి చూడు అని మాస్టారు చెప్పేవారు. ఒక రాయి మీద గీతలు కనిపించాయి, అయితే పక్కనే ఎవరో ప్రేమికుల పేర్లు కూడా చెక్కి ఉన్నాయి, ఏ గీత ఏ కాలందో నాకెలా తెలుస్తుంది!

ఇక మ్యూజియం. 1966లో తెరిచారు, విహారం ఆకారంలో కట్టిన భవనం. లోపలికి వెళ్లగానే చల్లగా ఉంది. శిల్పఫలకాల దగ్గర జనం ఉన్నారు, నేను ఛాయాస్తంభాల కోసం వెతుక్కుంటూ వెళ్లాను.

ఛాయాస్తంభమంటే చనిపోయినవాళ్ల గుర్తుగా నిలబెట్టే రాయి. ప్రాకృతంలో ఛాయాఖంభం. "ఖంభమంటే మన కంబమేనోయ్" అని మాస్టారు. పైన ఆ మనిషి బొమ్మ చెక్కుతారు, కింద బ్రాహ్మీ లిపిలో ఎవరి కోసం ఎవరు నిలబెట్టారో రాస్తారు. శాంతమూలుడు పోయాక తల్లులు, తోబుట్టువులు, భార్యలు అంతా కలిసి ఆయనకి ఒకటి నిలబెట్టారు. రాజన్నాక నిలబెడతారు. మాస్టారికి ఇష్టమైన విషయం అది కాదు. ఈ లోయలో సైనికులకి కూడా ఛాయాస్తంభాలు దొరికాయి, పనివాళ్ల పెద్ద ఒకాయనకి కూడా. "రాళ్లు చెక్కేవాడి కోసం రాయి చెక్కారోయ్!" అని ఆ మాట ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు, చెప్పినప్పుడల్లా మొదటిసారి చెప్తున్నట్టే చెప్పేవారు, నేనూ మొదటిసారి వింటున్నట్టే వినేవాణ్ని. ఒక్కసారి మాత్రం, ఆఫీసు చికాకులో ఉండి, "ఇది చెప్పారు మాస్టారూ" అన్నాను. ఆ రోజు గళ్లు నింపకుండా వెళ్లిపోయారు. తర్వాతి ఆదివారం మామూలుగానే వచ్చారు. నేనే క్షమించమని అడగలేదు.

ఒక స్తంభం ముందు నిలబడ్డాను. అరిగిపోయింది. అక్షరాలు చదవడం నాకు రాదు, గుండ్రటివి ఎన్ని, గీతల్లాంటివి ఎన్ని అని లెక్కపెట్టాను. వెనక కొత్తజంట సెల్ఫీ కోసం జరగమని అడిగితే జరిగాను.

చివరి గదిలో లోయ నమూనా ఉంది. మునగకముందు లోయ ఎలా ఉండేదో, ఏ తవ్వకం ఎక్కడ జరిగిందో సరిగ్గా అదే స్థానంలో చూపించే నమూనా. దీని కోసమే వచ్చాను. కళ్లజోడు పెట్టె తెరిచి కాగితం తీశాను.

ఆ పటం సంగతి చెప్పాలి. లోయ ఎలా ఉండేదో మాస్టారు ఎప్పుడు గీసినా కృష్ణని కుడి పక్కన గీసేవారు. ఏ పుస్తకంలో చూసినా లోయకి మూడు వైపులా కొండలు, పడమటి వైపు కృష్ణ, అంటే పటంలో ఎడమ పక్కన. ఒకసారి పుస్తకం తెరిచి చూపించాను. "మీరు నదినే తిప్పేశారు మాస్టారూ" అన్నాను. "పుస్తకం రాసినవాడు అక్కడ పడుకున్నాడా? నేను పడుకున్నాను" అన్నారు. ఇంకోసారి ఫోన్లో శాటిలైట్ పటం చూపించాను, ఇందులో అంతా నీళ్లే కనిపిస్తున్నాయి కదోయ్ అని తోసేశారు. వయసు మీద పడింది, డెబ్భై ఏళ్ల కిందటి మాట, కుడీ ఎడమా తారుమారై ఉంటాయి అనుకుని వదిలేశాను. లోలోపల మాత్రం, ఇదే తప్పైతే మిగతావన్నీ ఎంతవరకు నిజం అనే ఒక పురుగు తొలుస్తుండేది. కత్తిరించిన ఈ కాగితం మార్జిన్‌లోనూ అదే పటం, మళ్లీ కుడి పక్కనే కృష్ణ, ఈసారి దాని కింద రెండు గీతలు కూడా గట్టిగా కొట్టారు.

నమూనా ముందు నిలబడి చూస్తే, నేను అనుకున్నట్టే నది ఎడమ పక్కన. మహాచైత్యం గుర్తు చూసుకున్నాను, మాస్టారి పటంలో అదెక్కడో చూసుకున్నాను, కుదర్లేదు. రంగస్థలం కుదర్లేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పాను. ఇంతలో బ్యాంకు బృందం లోపలికి వచ్చింది, నా చోటు పోయింది, వాళ్లకి అడ్డం లేకుండా నమూనాకి అవతలి పక్కకి వెళ్లి నిలబడ్డాను.

అక్కణ్నుంచి నది నా కుడి పక్కన ఉంది.

కాగితం చూశాను. మహాచైత్యం ఉండాల్సిన చోట ఉంది. ఘట్టం, రంగస్థలం ఉండాల్సిన చోట ఉన్నాయి. ఆయన ఇంటూ గుర్తు పెట్టి "డేరా" అని రాసిన చోట నమూనాలో ఏమీ లేదు, ఖాళీ నేల, డేరాలు నమూనాలో ఎందుకు పెడతారు. కుర్రాడు ఉత్తర దిక్కు పైకి పెట్టుకుని గీయలేదు, తను కూర్చుని చూసిన వైపునుంచి గీశాడు. ఏ గట్టు మీద కూర్చునేవాడో, ఏ కొండ మీంచి చూసేవాడో, కళ్లకి ఎలా కనిపించిందో అలాగే. తొమ్మిదేళ్లు నేను బల్లకి ఇవతల కూర్చుని అది తప్పంటూనే ఉన్నాను. లేచి ఆయన పక్కకి వెళ్లి చూసి ఉంటే సరిపోయేది.

లాంచీ హారన్ కొట్టింది. రెండోసారి కొట్టినా కదల్లేకపోయాను. మ్యూజియం మనిషి వచ్చి భుజం మీద చెయ్యేసి, "మీ లాంచీయేనా సార్?" అన్నాడు. పరిగెత్తాను. అందరూ ఎక్కేసి నాకోసమే చూస్తున్నారు. బ్యాంకు బృందం పెద్దాయన ఒకాయన "ఏం బాబూ, అక్కడే ఉండిపోదామనుకున్నావా" అని పక్కకి జరిగి చోటిచ్చాడు.

రాత్రి మాస్టారి అమ్మాయికి ఫోన్ చేశాను. పటం సంగతి చెప్తే ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మా ఇంటి దారి కూడా అలాగే చెప్పేవారు తమ్ముడూ, వచ్చేవాళ్లందరూ వెనక వీధిలో తేలేవాళ్లు" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వు మధ్యలో ఆవిడ ఫోన్ పెట్టేసింది.

నాలుగో రోజు, ఆదివారం

పొద్దున్నే బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కుకి వెళ్లాను. 2022లో తెరిచారు, చాలా పెద్దది, శుభ్రంగా ఉంది, పిల్లలతో వచ్చేవాళ్లకి బాగుంటుంది. నా మనసు అక్కడ లేదు. గంటలో బయటికొచ్చి, పైలాన్ కాలనీ దగ్గర శంకుస్థాపన స్తంభం చూశాను. చుట్టుపక్కల వేపచెట్లున్నాయి. చింతచెట్టు కనబడలేదు. అప్పటి చెట్టు ఇప్పటిదాకా ఉంటుందనేమీ లేదనుకోండి, ఊరికే చెప్తున్నాను.

పదకొండున్నర బస్సు. ఆదివారం కదా, నిండిపోయింది, పక్క సీట్లో బియ్యం మూటతో ఒక పెద్దావిడ. ఎవరో చదివి వదిలేసిన పేపరు నా కాళ్ల దగ్గరుంది, అందులో ఈ వారం గళ్ళనుడికట్టు కూడా ఉంది. అది తియ్యలేదు. పెట్టె తెరిచి మా కాగితం తీశాను, పెన్ను తీశాను. మూడు నెలలుగా చెయ్యి రాని పని. బస్సు కుదుపులకి అక్షరాలు వంకరటింకర.

నిలువు ఒకటి, రెండు తేలిగ్గానే అయిపోయాయి. ఐదు కొంచెం కష్టపెట్టింది. మాల్ దాటేసరికి ఇంకొక్కటే మిగిలింది. ఆధారం: బావి, రెండక్షరాలు. మొదటి గడిలో మాస్టారి అడ్డం వల్ల "కూ" పడి ఉంది, అంటే కూపం. కానీ రెండో గడిలో అప్పటికే "వు" ఉంది. అక్కడి అడ్డం ఆధారం చూశాను: చెట్టు, మూడక్షరాలు. ఆయన "తరువు" అని రాశారు. పాదపం అయితే నాది కుదురుతుంది. అయినా ఆ "కూ" కూడా ఆయన రాసిందే, తప్పు అక్కడే ఉందేమో.

కొట్టెయ్యలేదు. ఆయన "వు" గడి నిండా పెద్దగా ఉంది, కింద కొంచెం చోటుంది. ఆ చోట్లో "పం" ఇరికించాను.

పెద్దావిడ ఇదంతా చూస్తూనే ఉంది. "ఒక డబ్బాలో రెండు రాస్తారా బాబూ?" అని అడిగింది.

"రాస్తామమ్మా" అన్నాను. జవాబులొచ్చిన ఆదివారం పేపరు ఎప్పుడో పాతపేపర్లవాడికి పోయి ఉంటుంది.